మరదలు మింగని మాత్ర

ఒత్తులు తప్పితే మీరే దిద్దుకుని చదవండమ్మా. పెనిమిటి పోయాక, ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలు. నేనొక వాక్యం రాసేలోపు పొయ్యి మీద నీళ్లు ఇగిరిపోతాయి.

మా తమ్ముడు దర్జీ. మిషను ముందు కూర్చుంటే చెయ్యి గురి తప్పేది, లేచి నడిస్తే కాళ్లు తడబడేవి. మెదడులో నడకను అదుపుచేసే చోటు దెబ్బతిందన్నారు డాక్టర్లు. వీధిలోవాళ్లు మాత్రం "పొద్దున్నే పట్టించాడు!" అని నవ్వేవారు. ఆ నవ్వులకి మా మరదలు కుమిలిపోయేది... వాళ్ల అమ్మాయి పరిశోధనశాలలో పనిచేసేది సరిగ్గా ఆ జబ్బు మీదే! కణాల్లోకి కాల్షియం వెళ్లే దారులను అడ్డుకునే మందు ఇచ్చి, తడబడే ఎలుకలను తిరిగే కడ్డీ మీద నడిపించి చూస్తారట.

"ఎలుకలకు పోసే మందు కన్నతండ్రికి పనికిరాదా? నువ్వు మాకు కూతురివా, ఎలుకలకు పెంపుడుతల్లివా?" అని మరదలు రోజూ సాధించేది.

"అది పనిచేస్తుందో లేదో ఇంకా తేలలేదమ్మా! పైగా నాన్నకు బీపీ ముందే తక్కువ. నువ్వు వేసుకునే బీపీ మాత్ర కూడా ఆ కోవదే. నీకేమైనా నాట్యం వచ్చిందా?" విసుగులో అనేసి వెళ్లిపోయింది మేనకోడలు.

అంతే! ఆ మాట తల్లి చెవిలో తిష్ఠ వేసింది. తన మాత్ర తాను మానేసి, దాన్నే బలం బిళ్ల అని చెప్పి మొగుడి చేతిలో పెట్టసాగింది...

"నడక కుదిరిందా అండీ?"

"కుదిరినట్టే ఉందే!"

ఆవిడ ముఖం చేటంత అయ్యేది.

ఒక ఉదయం బట్ట కత్తిరిస్తూనే తమ్ముడు కళ్లు తిరిగి కూలబడ్డాడు. పట్టుకోబోయిన మరదలు తల పట్టుకుని గోడవారగా జారిపోయింది! పనికి బయల్దేరుతున్న మేనకోడలు పరుగెత్తుకొచ్చి ఇద్దరికీ బీపీ చూసింది. ఒకరిది పాతాళంలో, ఒకరిది ఆకాశంలో! మరదలు నిజం కక్కక తప్పలేదు.

డాక్టరు వచ్చి చూసి వెళ్లాక, "మీ ఇద్దరితో వేగలేక చస్తున్నా!" అని తల బాదుకుంది పిల్ల. "నీ మాత్ర రక్తనాళాలకమ్మా, మెదడుదాకా పోయేది బహు తక్కువ. మరి కుదిరిందని ఎందుకన్నావు నాన్నా?"

"అలా అంటే మీ అమ్మ నవ్వేదే... ఎన్నాళ్లయిందో ఆ నవ్వు చూసి."

మరదలికి ఒళ్లు మండిపోయింది. "నా నవ్వు కోసం అబద్ధమా! నేనిక్కడ ప్రాణాలు అరచేతిలో..." వెక్కివెక్కి ఏడ్చింది.

కూతురు ఆమె పక్కన చతికిలబడి భుజం మీద చెయ్యి వేసింది. "ఇందుకేనమ్మా, ఏ ఎలుకకు మందిచ్చారో నడక చూసే నాకే చెప్పరు. తెలిస్తే నాకూ బాగా నడిచినట్టే కనబడుతుంది. ప్రేమ ఉన్న కళ్లు కొలతకు పనికిరావు... నీ మాత్ర నువ్వు మింగు, చాలు. మాకు నువ్వు కావాలి!"

తమ్ముడే గ్లాసు అందించబోయాడు. చెయ్యి ఊగి, సగం నీళ్లు ఆవిడ ఒళ్లో పడ్డాయి.

"ఇదీ కుదిరినట్టే ఉందా?" కసిరింది మరదలు.

"కుదరలేదే," అన్నాడు తమ్ముడు మెల్లగా.

మిగిలిన నీళ్లతో మాత్ర మింగింది.

— దర్జీ అక్క అంటారు నన్ను. డెబ్బై ఒకటి దాటాయి. ఇప్పుడు వాళ్లింట్లోనే, కుట్టుమిషను పక్కనే నా మంచం.