మూలచిత్రంలో లేని ముక్కుపుడక

"అమ్మా, నా పింఛను కార్డు ఎందుకాగిపోయిందో కాస్త చూసి చెప్తావా?"

కాకినాడ బస్సు కాంప్లెక్సులో ఆ ఉదయం వీరవేణిని ఆపినవాళ్లలో ఈ పెద్దాయన మూడోవాడు. మొదటామె రేషన్ గురించి అడిగింది. రెండో ఆయన ఏమీ అడక్కుండానే వేలిముద్ర వేయడానికి బొటనవేలు చాపాడు.

"నేను ఫలకాన్ని కాదండి, మనిషిని" అంది వీరవేణి. ఆ మాట చెప్పీ చెప్పీ ఆమెకి నోరు అరిగిపోయింది.

"మరి అచ్చం అలాగే ఉన్నావు" అన్నాడు పెద్దాయన, మోసపోయినవాడిలా.

అలాగే ఉంటుంది మరి. రేషన్ షాపు నుంచి ఆసుపత్రి దాకా తెలుగునాట ఉన్న మూడువేల రెండువందల సేవాఫలకాల తెరల్లోనూ కనిపించే ముఖం ఆమెదే. పూర్తిగా కంప్యూటర్ లెక్కలతో కట్టిన ముఖాలను జనం ఏనాడో కాదన్నారు. వాటి కళ్లు చూసి చంటిపిల్లలు జడుసుకునేవారు. అప్పుడు సుముఖ అనే సంస్థ ముఖదాతలను తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టింది. ముఖానికి మీగడలాంటి పొర పూసుకుని కూర్చుంటే చాలు. రెప్ప ఆడినా, పెదవి విచ్చుకున్నా, కంట తడి మెరిసినా అదే క్షణంలో అన్ని ఫలకాల్లోనూ కనిపిస్తుంది. మాటలు మాత్రం జవాబుయంత్రానివి. అవతలివాళ్లు ఏమంటున్నారో ముఖదాతకు ఒక్క ముక్క వినిపించదు. వింటే ముఖం చెడుతుందని సంస్థ భయం.

తొమ్మిదేళ్లుగా వీరవేణి ఉద్యోగం రోజుకి ఆరుగంటల చిరునవ్వు. ఆదివారం ఇంట్లో అద్దం చూసుకున్నా అదే నవ్వు ఎదురయ్యేది. నా ముఖం మీద నాదంటూ ఒక్కటైనా ఉండొద్దా అని ఈమధ్య ఆమెకి తెగ అనిపిస్తోంది. అందుకే ఇవాళ సెలవు పెట్టి జగన్నాథపురం బయల్దేరింది, ముక్కు కుట్టించుకోవడానికి. ఉద్యోగ నిబంధనల్లో నాలుగోది: ముఖంపై లోహం, రాయి, రంగు, కొత్త రంధ్రం నిషిద్ధం. ఉన్న రంధ్రాలనైనా ఉండనిచ్చారు, అంతే చాలు అనుకుని బస్సులో తనలో తనే నవ్వుకుంది.

కంసాలి కామాచారి ఆమెను పీట మీద కూర్చోబెట్టి ముఖం వెలుతురుకి తిప్పాడు.

"వయసెంతమ్మా?"

"ముప్పై ఎనిమిదండి."

"ఇన్నాళ్లూ ఏం చేశావు?"

"పదేళ్లప్పుడు మా అమ్మ మీ నాన్నగారి దగ్గరికే తీసుకొచ్చిందండి. కుట్టే తీగ చూసి పరిగెత్తాను. ఇదిగో, ఇప్పటికి తిరిగొచ్చాను."

"అయితే ఈసారి తలుపేసి మొదలెడతాను" అని ఆయన ఎడమ ముక్కుపుటం మీద కాటుకతో చుక్క పెట్టాడు. "రాయిదా, ఉత్త బంగారమా?"

"ఎర్రరాయిదండి. కనపడాలి."

"చూడమ్మా. కుట్టగానే ఆ పక్క కంట నీళ్లొస్తాయి. అది ఏడుపు కాదు. రెండు మూడ్రోజులు ముక్కు మీద ఏం ఆనినా కన్ను ఊరుతూనే ఉంటాది. బెంగపడకు. నెల్లాళ్లదాకా మాత్రం పుడక తియ్యకు. తీశావా, పొద్దుగూకేసరికి పూడుకుపోద్ది."

చురుక్కుమంది. అంతే. ఇరవై ఎనిమిదేళ్లు భయపడింది దీనికా అని ఆశ్చర్యపోతూ ఆమె అద్దంలోకి చూసింది. తెలిసిన ముఖంలో తెలియని ఎర్రచుక్క. ఒళ్లు పులకించింది. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆమె కాళ్లు నేలమీద ఆనలేదు. కిటికీ అద్దంలో, కత్తిపీట మీద, పాలగిన్నె అడుగున కూడా ముక్కు చూసుకుంది.

ఉద్యోగం సంగతి ముందే ఆలోచించి పెట్టుకుంది. ఫలకాల్లో కనిపించేది ఇవాళ్టి ముఖం కాదు, చేరిన రోజున తీసిన మూలచిత్రం. పొర దానికి అందించేది కదలికనీ తడినీ మాత్రమే. పోయినేడు శనగగింజంత మొటిమ లేస్తే ఒక్క ఫలకంలోనూ కనపడలేదు. పుడకా అంతే. లోపల పుడక తనది, బయట ముఖం వాళ్లది. ఎవరికీ నష్టం లేదు.

మర్నాడు చున్నీ అడ్డం పెట్టుకుని ఆఫీసులోకి వెళ్లి, గదిలో తనే పొర పూసుకుని కుర్చీలో కూర్చుంది. పొర ఆరుతూ బిగిసి పుడకను నొక్కింది. పది నిమిషాల్లో ఎడమ కంట నీళ్లు ఊరాయి. ఒక బొట్టు జారింది, వెనకే ఇంకొకటి. అది ఏడుపు కాదని ఆమెకి తెలుసు. పొరకి తెలీదు. పుడక మీద మురిపెంతో ఆమె ఇంకాస్త నవ్వింది.

కాసేపటికి కుర్చీ పక్కన ఎర్రదీపం వెలిగింది. జవాబుయంత్రం దగ్గర జవాబు లేని ప్రశ్న వస్తే వెలగాలని ఎప్పుడో పెట్టిన దీపం. తొమ్మిదేళ్లలో అది వెలగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

పర్యవేక్షకుడు సుగుణాకర్ పరుగున వచ్చాడు. "వేణి గారూ, ఏవైందండీ? బయట పనులన్నీ ఆగిపోయాయి. మీరేడుస్తున్నారని జనం కదలట్లేదు. కార్డు నెంబరు చెప్పండని యంత్రం అంటుంటే దాన్ని తిడుతున్నారు."

ఆయన మీట నొక్కి ఒక్కో ఊరే కలుపుతూ పోయాడు. తొమ్మిదేళ్లలో మొదటిసారి వీరవేణికి అవతలి గొంతులు వినిపించాయి.

"ఏటమ్మా, ఎవులేటన్నారు నిన్ను?" శ్రీకాకుళం వైపు ఆడగొంతు.

"బిడ్డా, ఎందుకేడుస్తున్నవ్? నా పని రేపైనా అయితది. నువ్వు జర నీళ్లు తాగు." ఇది సిద్దిపేట.

"ఎవురన్నా ఏమన్నా అనిండారా మా? చెప్పు, మేముండాం." ఇది చిత్తూరు.

ఇన్నాళ్లూ వీళ్లు తన ముఖం చూస్తున్నారా, లేక దాని వెనకున్న కార్డులనే చూస్తున్నారా అని ఆమెకి అనుమానం ఉండేది. ఇప్పుడు కుడి కంట కూడా నీళ్లొచ్చాయి. అవి ఏడుపే.

సుగుణాకర్ వంగి చూసి, ముక్కు దగ్గర పొర తొలగించాడు. ఎర్రరాయి మెరిసింది. ఆయన ముఖం పాలిపోయింది.

"నాలుగో నిబంధనండి. నా ఉద్యోగానికీ ముప్పే." ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడే తీసేయండి. మొటిమని రాసేస్తాను. యంత్రం లోపమని జనానికి ఓ ముక్క చెప్పేద్దాం. మీ కుర్చీ మీకుంటుంది."

ఆమె చెయ్యి పుడక మీదికి వెళ్లింది. తొమ్మిదేళ్ల ఉద్యోగం. ఇంకో చోట దొరకదు, ఆమెకి తెలుసు. తీస్తే పొద్దుగూకేసరికి పూడుకుపోతుంది. పైగా నిన్ను ఎవరేమన్నారని చిత్తూరు మనిషి ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ఆయనకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"అన్ని ఊళ్లూ ఒకేసారి కలపండి" అంది. ఆయన వద్దనేలోపే మీట పక్కనున్న మైకు అందుకుంది. "నన్నెవరూ ఏమీ అనలేదండి. ముక్కు కుట్టించుకున్నాను. అందుకే కన్ను ఊరుతోంది."

ముందు ఒకరిద్దరు హమ్మయ్య అన్నారు. తర్వాత నవ్వులు. ఆ తర్వాత సలహాలు. కొబ్బరినూనె రాయమన్నవాళ్లు, రాయొద్దన్నవాళ్లు, ఈ వయసులో ఇదేం సరదా అన్నవాళ్లు, నాకూ కుట్టించుకోవాలని ఉంది తల్లీ అన్న ఒక ముసలామె. "ఏదీ, కనపడట్లేదే. చూపించు" అని అందరూ ఒకటే గోల. మూలచిత్రంలో పుడక లేదు. ఎలా చూపించాలో ఆమెకి తెలియలేదు.

సాయంత్రం ఉత్తర్వు వచ్చింది, రేపట్నించి రావద్దని. ఊహించినదే. పుడక మాత్రం తియ్యలేదు.

అయిదు రోజుల తర్వాత బస్సు పాసు కోసం ఆమె కాంప్లెక్సుకి వచ్చింది. ఫలకంలో కొత్త ముఖం. రోజ్లిన్. మొన్నటిదాకా పక్కగదిలో శిక్షణలో ఉండి, తనతో క్యారేజీ పంచుకున్న పిల్ల. వరుసలో ముందున్నది పింఛను కార్డు పెద్దాయన.

"ఆ ముక్కు కుట్టించుకున్న అమ్మాయి ఏదమ్మా?" అని అడుగుతున్నాడు ఫలకాన్ని.

"క్షమించండి. మీ కార్డు నెంబరు చెప్పండి" అంది జవాబుయంత్రం.

"కార్డు సంగతి తర్వాత. నువ్వెలా ఉన్నావు? టిఫిన్ తిన్నావా?"

 యంత్రానికి జవాబు దొరకలేదని ఫలకం మూల ఎర్రచుక్క వెలిగింది. వెనక వరుసలో ఒక్కరూ విసుక్కోలేదు. అదే సమయానికి వీరవేణి ఫోన్ మోగింది.

"వేణి గారూ, అయిదు రోజులుగా ఎర్రదీపం ఆరట్లేదండి" అన్నాడు సుగుణాకర్. "ఎవరూ సరాసరి పని చెప్పట్లేదు. ముందు ముఖాన్ని పలకరిస్తున్నారు. పలకరింపుకి జవాబు యంత్రంలో పెట్టి చూశాం. అది యంత్రం మాటని ఇట్టే కనిపెట్టేస్తున్నారు. ఆ దీపం దగ్గర కూర్చుని మాట్లాడ్డానికి మీరు రావాలి."

"పుడకతోనా?"

"దాంతోనేనండి. కొత్త మూలచిత్రం తీద్దాం. చూపించమని జనం ఊరుకోవట్లేదు."

ఆమెకి ఎగిరి గంతేయాలనిపించింది. కానీ ఎదురుగా ఫలకంలో రోజ్లిన్ ఏమీ వినిపించక, అదే కొలతలో నవ్వుతోంది.

"వస్తానండి. ముందు కాకినాడ కాంప్లెక్సు కలిపి రోజ్లిన్‌కి వినపడేట్టు, ఆ పిల్ల గొంతూ ఇక్కడ వినపడేట్టు చెయ్యండి. ఇప్పుడే."

"నిబంధన ఒప్పుకోదండీ..."

"మీట మీ చేతికిందే ఉంది కదండీ."

ఫోన్‌లో మీట నొక్కిన చప్పుడు వినిపించింది. రోజ్లిన్ నవ్వు ఉన్నట్టుండి ఆగింది. ఎవరో పిలిచినట్టు ఆ పిల్ల కళ్లు అటూ ఇటూ వెతికాయి.

"నిన్నేనమ్మా" అన్నాడు పెద్దాయన. "టిఫిన్ తిన్నావా అంటుంటే పలకవేం?"

"లేదండి." ఈసారి వచ్చింది యంత్రం గొంతు కాదు, కాస్త వణికిన ఆడపిల్ల గొంతు. "తెల్లారగట్లే వచ్చేశాను. ఇంకా తినలేదు."

పెద్దాయన కార్డు జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగి వరుసంతా ఓసారి చూశాడు. అందరూ తలలూపారు.

"తినేసి రామ్మా" అన్నాడు. "మేమిక్కడే ఉంటాం."