కత్తెరమ్మ పట్టుకున్న తాళాల దొంగ

“ఆగు! ఆ సంచీ కింద పెట్టు!”

ఇనుప దూలం చాటునుంచి కత్తెరమ్మ ఒక్క గెంతు గెంతింది. వంతెన మధ్యలో వంగి ఉన్న కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. చేతిలో సన్నటి ఊచ, కాళ్ల దగ్గర గలగలమనే గుడ్డసంచీ. ఇంకేం కావాలి, దొంగ సరుకుతో సహా దొరికాడు.

ఆ వంతెన మీద ఒకప్పుడు రైళ్లు నడిచేవి. ఇప్పుడు పట్టాలు తీసేసి చెక్కలు పరిచారు, మనుషులు నడుస్తున్నారు. నడిచేవాళ్లు ఊరుకుంటారా? ప్రేమికులు పేర్లు చెక్కిన తాళాలు రెయిలింగుకి బిగించి, తాళంచెవులు నదిలోకి విసిరేసి పోతారు. బరువుకి రెయిలింగు వంగిపోతుందని వాటిని కోసి పారేయడం వంతెన సూపర్‌వైజరుగా మన అమ్మాయి ఉద్యోగం. చేతిలో ఎప్పుడూ ఇనుము కోసే బారెడు కట్టరు ఉంటుంది కనుక వాకింగుకొచ్చేవాళ్లు ‘కత్తెరమ్మ’ అని పేరు పెట్టేశారు.

కోసినప్పుడల్లా రంగు గీరుకుపోయి రెయిలింగుకి తుప్పు పట్టింది. ఒకరోజు ఇంజినీరు వచ్చి అందరి ముందూ ఆమెను కడిగేశాడు. “ఇంకొక్క గీత కనిపించిందా, ఈ ఉద్యోగం ఇంకొకరిది!”

ఆ మర్నాటి నుంచే విడ్డూరం మొదలైంది. పొద్దున్నే వచ్చేసరికి తాళాలన్నీ మాయం. నడిమి స్తంభం దగ్గర మాత్రం ఒక్క ఇత్తడి తాళం, పేరూ ఊరూ లేకుండా. రంగు తగలకుండా ఊపిరి బిగబట్టి దాన్ని కోసేది. మర్నాడు అక్కడే ఇంకోటి! అచ్చం అలాంటివే వంతెన మొదట్లోని తాళాల దుకాణంలో వేలాడటం చూశాక ఆమెకు నిద్ర పట్టలేదు. పైగా ఆ దుకాణం కుర్రాడికి తనని చూసినప్పుడల్లా నవ్వొకటి. ఊరికే నవ్వేవాణ్ని నమ్మేదెలా?

అందుకే ఇవాళ తెల్లవారకముందే ఈ కాపలా.

“ఇక్కడివి ఊడబెరికి మళ్లీ అమ్ముకుంటున్నావు. అవునా?”

“పేర్లు చెక్కిన తాళాలు ఎవరు కొంటారండీ?” అన్నాడు ఆ దుకాణం కుర్రాడు.

నిజమే. కానీ కత్తెరమ్మ అంత తేలిగ్గా తగ్గే రకం కాదు. సంచీ బోర్లించింది. తాళాలన్నీ సుబ్బరంగా తెరుచుకుని ఉన్నాయి. రెయిలింగు మీద కొత్త గీత ఒక్కటీ లేదు.

“మరెందుకు తీస్తున్నట్టు?”

“ఆ రోజు ఇంజినీరు గారి అరుపులు మా దుకాణం దాకా వినిపించాయి. ఊచతో తీస్తే గీత పడదు కదా అని...”

“నాతో చెప్పొచ్చుగా?”

“ఎలా చెప్పడం? నవ్వితేనే కట్టరు పైకెత్తుతారు మీరు!”

పక్క బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. కత్తెరమ్మ నాన్నే. ఒకప్పుడు ఇదే వంతెన మీద రైలు నడిపిన డ్రైవరాయన. రోజూ పొద్దున్నే కూతురి వెంట వచ్చి అక్కడ కూర్చుంటాడు.

“సరే, మరి ఆ ఇత్తడిది?”

కుర్రాడు చెవులదాకా ఎర్రబడ్డాడు. “అన్నీ తీసేస్తే మీరు ఇటువైపు రారేమోనని... అది నాదేనండీ.”

ఆమె కట్టరు కిందికి దించింది. గొంతు మాత్రం ఇంకా పోలీసుదే. “అంటే నాచేత కోయించి, గీత పడితే నా ఉద్యోగం ఊడగొడదామనా?”

“అయ్యయ్యో! ఒక్కసారి లాగి చూడండి.”

లాగింది. పుటుక్కున ఊడి చేతిలోకొచ్చింది. తాళం వేయనే లేదు, ఊరికే తగిలించాడు.

“రోజూ ఇంతేనా?”

“రోజూ ఇంతే. ఏదో ఒకరోజు లాగి చూస్తారు, తిట్టడానికైనా దుకాణానికొస్తారు అనుకున్నా. మీరేమో కోసుకుంటూ పోయారు!”

కత్తెరమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తాళం కనిపిస్తే కోయడమే తప్ప, అది పడిందో లేదో చూడాలని ఎన్నడూ తోచలేదు. తనకోసం ఎవరూ ఇంత తంటాలు పడలేదని కూడా అప్పుడే తోచింది.

“దీనికి తాళంచెవులెన్ని?”

“రెండు. ఇదిగో, ఒకటి మీకు.”

“మూడోది చేసుకోలేదని నమ్మకమేంటి?”

“అనుమానముంటే రోజూ వచ్చి దుకాణం సోదా చేసుకోండి.”

“సిగ్నలు పడి ఎంతసేపైందే అమ్మాయ్!” నాన్న బెంచీ మీంచి కేకేశాడు. “ఇంకా బండి కదలదేం?”

“నువ్వూరుకో నాన్నా!” అని కసిరింది గానీ, ఆ తాళంచెవిని గుప్పిట్లోనే దాచుకుంది.

ఆ సాయంత్రమే కట్టరుని ఇంట్లో పడేసి సోదాకి వెళ్లింది. దుకాణం కట్టేసే వేళ దాటిపోయింది. తలుపు మాత్రం తీసే ఉంది.