రెండు దీవుల ఓట్లు

ఫలితాల కాగితాల పెట్టెను విమానంలో ఒళ్ళోంచి దించకుండా తెచ్చిన ముసలి మాస్టారు బ్రిక్‌ఫీల్డ్స్ హోటల్ గదిలో చచ్చిపడి ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చిన ఎర్రచుక్క. పెట్టె మాత్రం సీలుతో సహా భద్రంగా ఉంది.

ఆ భద్రతే ఏజెంట్ దాసుకు నచ్చలేదు.

“నాలుగు గంటలకి పెట్టె తెరుస్తారు. నీకు గంటన్నర ఉంది లా,” ఈ ఊరి యాసలో మాట చివర ‘లా’ తగిలిస్తూ ఇయర్‌పీస్‌లో అంది చీఫ్ శాంతాదేవి.

తలోరా రెండు దీవుల దేశం. రెండూ కలిసి ఒకే మనిషిని గెలిపిస్తే, సైన్యం ఎన్నికనే రద్దు చేసి, దక్షిణ దీవివాళ్ళు దొంగ ఓట్లు గుద్దారని చాటింపు వేసింది. ఎనిమిది నెలలుగా ఉత్తరాన దక్షిణాదివాళ్ళ ఇళ్ళు తగలబడుతున్నాయి. పారిపోయి ఈ పరాయి ఊరికి వచ్చిన రెండు దీవుల పక్షాల నాయకులు ఈ కాగితాలు చూసి ఒకే ప్రకటన మీద సంతకాలు చేయాలి. చేయకపోతే దేశం రెండు ముక్కలు.

మూడున్నరకు దాసు టీ అందించే మనిషి వేషంలో మీటింగ్ హాల్లో ఉన్నాడు. పెట్టెకు కాపలాగా దాసు పెట్టిన మీరా. తలోరా సైన్యంలో ఉద్యోగం చేస్తూ రెండేళ్ళుగా దాసుకు రహస్యాలు చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. పచ్చ పట్టు గౌను, ఎర్రటి పెదవులు.

“వాన ఎక్కడ పడుతోంది?” అన్నాడు కోడ్ ప్రకారం.

“రెండు దీవుల మీదా.”

జవాబు సరైనదే. ఆమె నవ్వు మాత్రం బట్టీపట్టినట్టుంది. అనుమానించడం అతనికి ఉద్యోగం. ఒక్క మనిషినైనా నమ్మాలన్నది మాత్రం, ఎవరికీ చెప్పని జబ్బు.

ఆమె నాయకులను తీసుకురావడానికి వెళ్ళగానే, పెట్టె మూత సందులోంచి తీగంత కెమెరాను లోపలికి దూర్చాడు. ఫోన్‌లో దక్షిణాది పక్షం కాగితం ఒకదాని వెనకవైపు కనిపించింది.

తలోరాలో బడి వరండాలో ఓట్ల లెక్కింపు అయ్యాక, ఏ పక్షమూ తన కాగితం తాను దాచుకోదు. ప్రత్యర్థి చేతికిస్తుంది. పుచ్చుకున్నవాడు వెనక పేరు రాసి వేలిముద్ర వేస్తాడు. ఈ దక్షిణాది కాగితం వెనక ఉన్నదీ దక్షిణాదివాడి పేరే. నకిలీ. తయారుచేసినవాడు సైనికుడై ఉండాలి. వాళ్ళు బారకాసుల్లోనే ఓటేస్తారు, ఆ వరండా ఎన్నడూ ఎక్కరు.

“అక్కా, కాగితాలు మారిపోయినాయి,” అన్నాడు చీఫ్‌తో మెల్లగా. “ఇవి చూస్తే దక్షిణాదివాళ్ళు దొంగలని తేలిపోతాది.”

“అసలువి ఏటైనాయి?”

హాలు తలుపు తెరుచుకుంది. నాయకులు వస్తున్నారు. వెనకే మీరా, చంకలో పెద్ద తోలు సంచి. ఇందాక ఆ సంచి లేదు.

దాసు ఆమెను పక్కనున్న వంటగదిలోకి పిలిచాడు. లోపలికి వస్తూనే ఆమె లిప్‌స్టిక్ గొట్టం అతని మెడకు ఆనించింది. కొసన సన్నటి సూది.

“మా తమ్ముడు సైన్యం జైల్లో ఉన్నాడు,” అంది. “ఈ కాగితాలిస్తే రేపు వదులుతారు. నా దారికి అడ్డు రాకు.”

అవతల సీలు పగులుతున్న చప్పుడు.

దాసు ఫోన్ తిప్పి చూపించాడు. జైలు గేటు ముందు చాపలో చుట్టిన కుర్రాడి శవం. ముఖం మాత్రం బయటికి ఉంది.

ఆమె ఫోన్ దగ్గరికి లాక్కుని చూసింది. “ఎప్పుడు?”

“తొమ్మిది రోజులైంది.”

“నీకెప్పుడు తెలిసింది?”

“తొమ్మిది రోజులైంది.” చెబితే పని మానేస్తావని భయపడ్డాను, అనబోయి మింగేశాడు. ఆమెకు అర్థమైంది.

సూది మెడలో కాస్త దిగింది. ఇక నొక్కడమే తరువాయి. అతను కదల్లేదు. ఆమె చేయి ఎందుకో దిగిపోయింది. సంచి నేల మీద పడేసి, వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.

దాసు సంచి అందుకుని హాల్లోకి పరుగెత్తాడు. ఉత్తరాది నాయకుడు మొదటి కాగితం చదవడానికి కళ్ళజోడు పెట్టుకుంటున్నాడు. ఆ చేతిలోంచి దాన్ని లాక్కుని, సంచిలోని అసలు కట్ట ముందు పెట్టాడు. నాయకుడు పైనున్న దక్షిణాది కాగితం వెనక్కి తిప్పి పేరు చూశాడు. అతని సొంత అన్నదే.

నాలుగూ నలభైకి సంతకాలైపోయాయి.

“ఆ పిల్లని ఏటి పెట్టి లొంగదీసినావు?” శాంతాదేవి అడిగింది. “రిపోర్టులో ఏ పరికరమని రాయాలి?”

“నిజం చెప్పినానక్కా.”

అటునుంచి కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

“అది మన స్టోర్స్ లిస్టులో లేదు లా.”