నాలుగూ ఆరూ కలిసే చోట

ఆన్సెల్ టోపీ ఎగిరి గడ్డిలో పడింది. దాన్ని ఎగరగొట్టిన, పళ్ళెంలాంటి పసుపు డిస్క్ పైన్ చెట్టుకు కొట్టుకుని అతని కాళ్ళ దగ్గర వాలింది.

తప్పుకోమని హెచ్చరించే "ఫోర్!" కేక అప్పుడు వినిపించింది.

"తగిలాక కాదండీ, తగలకముందు అరవాలి!"

"మీరు నా దారిలో ఏం చేస్తున్నారు?" అంటూ పరుగున వచ్చిందా అమ్మాయి.

"ఆరో బుట్టకు విసురుతున్నాను."

"నేను నాలుగోదానికి. రెండు దారులూ ఒకదానికొకటి అడ్డమా? ఏ మహానుభావుడు వేశాడండీ ఈ డిస్క్ గోల్ఫ్ కోర్సు?"

"నేనే."

ఆమె నాలుక కరుచుకుంది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆన్సెల్‌కు ఊళ్ళో హార్డ్‌వేర్ షాపుంది. ఆరేళ్ళ కిందట ఫైర్ స్టేషన్ వెనక బీడులో, స్నేహితులతో కలిసి, దూరం నుంచి డిస్కులు విసిరి వేసే తొమ్మిది గొలుసు బుట్టలు పాతాడు. ఆ నేలే ఇప్పుడు పడవల ట్రైలర్లకు పార్కింగ్ కావాలని ఊరి కౌన్సిల్ అంటోంది. వచ్చే వారం మంగళవారం ఓటింగ్.

అతను డిస్క్ తిరగేశాడు. అడుగున ఖాళీ.

"పేరూ ఫోన్ నంబరూ రాయలేదేం? ఇక్కడ దొరికినవాళ్ళు ఫోన్ చేసి మరీ ఇస్తారు."

"పోతే పోనీండి. ఆగస్టుకి నేనే పోతాను. క్లినిక్‌లో మూడు నెలల నర్సుని. ఉండిపొమ్మంటున్నారు, నేనే ఇంకా ఏమీ చెప్పలేదు. నా పేరు మారిట్."

ఉండని మనిషి మీద మనసు పెట్టడం చలికాలం చివర్లో షాపు నిండా మంచు తీసే పారలు తెప్పించుకోవడమే. ఆన్సెల్‌కు ఆ లెక్క తెలుసు. అయినా వారం తిరిగేసరికి నాలుగుసార్లు కలిసి ఆడారు, "మీరు" కాస్తా "నువ్వు" అయింది.

సోమవారం వాన పట్టుకుంది. షెడ్డు కింద నిలబడి, కౌన్సిల్‌లో చదవబోయే కాగితం ఆమెకు వినిపించాడు. మారిట్ పొట్ట పట్టుకుని నవ్వింది.

"అన్నీ పొగడ్తలే! షాపులో రంపం ఇలాగే అమ్ముతావా?"

"లేదు. ఏ రంపం పళ్ళు త్వరగా అరుగుతాయో ముందే చెప్తాను. అప్పుడే కొంటారు."

"మరి ఇక్కడేమైంది నీ తెలివి?"

ఆన్సెల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు కౌన్సిల్ ముందు లోపాలతోనే మొదలుపెట్టాడు. "దారి చూపే బోర్డుల్లేవు. ఏడో బుట్ట పక్కన చెరువు డిస్కులు మింగుతుంది. నాలుగు, ఆరు అడ్డంపడతాయి. అది నా పొరపాటు."

"ఆ చెరువులో నావే మూడున్నాయి," అంది ఛైర్మన్ హిల్డా. హాలంతా నవ్వింది.

"కానీ అడ్డంపడే చోట ఆగి, ఒకరికొకరు దారిచ్చి, పలకరించుకోక తప్పదు. పదేళ్ళుగా మాట్లాడుకోని ఇద్దరు పొరుగువాళ్ళు అక్కడే మాట కలిపారు. టికెట్ లేదు, వయసు పట్టింపు లేదు. ఇలాంటి చోటు ఊళ్ళో ఇంకొకటి చూపించండి."

నలుగురు కోర్సు వైపు, ముగ్గురు పార్కింగ్ వైపు. కోర్సు నిలిచింది. ఒకటే షరతు: ఆరో బుట్టను జరపాలి.

శనివారం బుట్ట జరిపి, ఏటా చేసినట్టే ఆన్సెల్ చెరువులోకి దిగాడు. నడుము లోతు నీళ్ళలో కాళ్ళతో తడిమి పోయిన డిస్కులు తీస్తూ, ఒక్కో పేరూ చదివి గట్టు మీదికి విసురుతున్నాడు. గట్టున కూర్చున్న మారిట్ వాటిని దొంతర పెడుతోంది.

పదకొండోది పసుపుది. ఇంకా బురద కూడా పట్టలేదు. తిరగేశాడు.

నల్ల మార్కరుతో పేరుంది, నంబరుంది. కింద ఇంకో వరుస: "ఆగస్టు తర్వాతా ఈ ఊళ్ళోనే."

ఆన్సెల్ గట్టువైపు చూశాడు. ఆమె మాత్రం ఆకాశంలో బాతుల్ని లెక్కపెడుతోంది.

"ఏయ్, ఇది నువ్వే విసిరావు కదూ?"

"నాకేం తెలుసు? దొరికినవాళ్ళు ఫోన్ చేయాలట, ఇక్కడి పద్ధతి."

అతను గట్టెక్కి, చేతులు చొక్కాకు తుడుచుకుని, గట్టున వదిలిన ఫోన్ తీసి నంబరు నొక్కాడు. రెండడుగుల దూరంలో ఫోన్ మోగింది.

"హలో," అంది మారిట్, అతని కళ్ళలోకి చూస్తూ. "దొరికిందా?"

"దొరికింది," అన్నాడు ఆన్సెల్. "కానీ తిరిగివ్వను."