మైలపట్టిన పది దినాలు

తిరుపతి గాంధీరోడ్డులో జెరాక్సు షాపు పైనున్న ఆ చిన్న ఆఫీసుకు నారాయణి వచ్చేసరికి పొద్దున పదయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మామగారికి నేను మందు ఇయ్యడంలేదని అంటా ఉండారు మేడమ్. ఆదివారం నన్ను సత్యవేడులో మా పుట్టింట్లో దిగబెట్టేస్తారంట."

ప్రైవేటు డిటెక్టివ్ భారతమ్మ అంతకుముందు ఇరవై రెండేళ్ళు ఐసీయూలో హెడ్ నర్సు. గుండె మానిటర్లు విన్న చెవులకు గొంతులో వణుకు ఇట్టే తెలిసిపోతుందని ఆమె అసిస్టెంటు భానుశ్రీ నమ్మకం. మేడమ్ మీద ఆ పిల్లకు ఇలాంటి నమ్మకాలు చాలా ఉన్నాయి. వాటిలో సగమైనా నిజమే.

నారాయణి మామగారు యతిరాజులుకు డెబ్బై రెండేళ్ళు. కోవెల్లో రోజూ పొద్దున ఆళ్వార్ల దివ్యప్రబంధం చదివే గోష్ఠిలో ముందు వరుస ఆయనది. గుండె బలహీనపడి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, మూడు నెలల్లో రెండుసార్లు ఐసీయూలో చేరాడు. మూడోసారి వస్తే చెప్పలేనని డాక్టరు అనేశాడు. ఒంట్లో నీరు తీసే మాత్ర రోజూ పొద్దున ఇవ్వాల్సింది నారాయణి. అందుకే ఆడబిడ్డ వేదవల్లి ఆమెను వేలెత్తి చూపిస్తోంది.

"మీ ఆయనేమంటాడు?" అంది భారతమ్మ.

"ఏమీ అనడంలేదు." ఆ మాట దగ్గర నారాయణి ఏడ్చేసింది.

మర్నాడు పొద్దున ఆరుకంతా భారతమ్మ, భానుశ్రీ ఆ ఇంట్లో ఉన్నారు. యతిరాజులు కిటికీ దగ్గర పీటమీద కూర్చొని నామాల పెట్టె తెరిచాడు. అది మడిపెట్టె, ఇంట్లో ఇంకెవరూ ముట్టరు. నారాయణి చిన్న తెల్లమాత్ర ఆయన అరచేతిలో వేసింది.

"నామం పెట్టుకొని తీర్థంతో వేసుకుంటానమ్మా," అన్నాడాయన.

నామం దిద్దుకున్నాడు. తీర్థం పుచ్చుకున్నాడు. చెయ్యి ఇంకోసారి పెట్టెలోకి పోయి వచ్చింది, మూత పడింది. కోవెలకు బయలుదేరుతూ, ఉన్న నాలుగు మెట్లూ దిగడానికి రెండుసార్లు ఆగాడు.

వేదవల్లి చిత్తూరులో లెక్కల టీచరు. సెలవు పెట్టి వచ్చింది. "పెద్ద పెద్ద పరిశోధనల్లో నెగ్గిన మందని డాక్టరే చెప్పినాడు. మా నాయనకు మాత్రం ఎందుకు పనిచేయలేదు? యాడో మోసం ఉండాది," అంది.

"మీరెప్పుడైనా ఇచ్చినారా?" అని అడిగింది భారతమ్మ.

"నారాయణి తమ్ముడి పెండ్లికి పోయినప్పుడు వారం దినాలు నా సేత్తోనే ఇచ్చినా."

భారతమ్మ బరువుల నోటుబుక్కు అడిగి తీసుకుంది. నీరు చేరితే ఆయాసం కన్నా ముందు బరువు చెబుతుందని, రోజూ చూసి రాయమని డాక్టరు ఆజ్ఞ. నారాయణి ఒక్కరోజూ వదల్లేదు. అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. వేదవల్లి దస్తూరీలో ఉన్న వారంలోనూ కిలోన్నర పెరిగింది. ఒక్కచోట మాత్రం పది రోజుల్లో మూడు కిలోలు తగ్గింది.

"ఈ పది దినాలు ఏం జరిగింది?"

"మా చిన్నమామ పోయినారు. మైల కదా, మామగారు కోవెలకు పోకుండా ఇంట్లోనే ఉండారు," అంది నారాయణి.

"ప్రసాదమే మేడమ్. పులిహోరలో ఉప్పు," అని గుసగుసలాడింది భానుశ్రీ.

"కండ్లకద్దుకొని నాకే ఇచ్చేస్తారు," అంది నారాయణి. భానుశ్రీ మొహం చిన్నబోయింది.

తొమ్మిదిన్నరకు యతిరాజులు తిరిగొచ్చాడు. భారతమ్మ అందరినీ హాల్లో కూర్చోబెట్టింది. నారాయణి భర్త హృషీకేశ్ ఆఫీసుకు పోకుండా గోడకానుకొని నిలబడ్డాడు.

"మందు మంచిదే. మింగినవాళ్ళకు పనిచేస్తాది," అని మొదలుపెట్టింది భారతమ్మ. "నారాయణి ఇచ్చినా బరువు పెరిగింది, వేదవల్లిగారు ఇచ్చినా పెరిగింది. అంటే తప్పు ఇచ్చే చేతిది కాదు. మైల దినాల్లో ఇచ్చింది కూడా నారాయణే, కానీ అప్పుడు తగ్గింది. ఆ పది దినాలూ లేనిది గోష్ఠి ఒక్కటే."

ఆమె గొంతు తగ్గించింది. "ఆ మాత్ర వేసుకుంటే రెండు గంటల్లో నాలుగుసార్లు లేయాల. మధ్యలో లేచి బాత్రూముకు పోతే మళ్ళా స్నానం చేస్తేగాని గోష్ఠిలో కూర్చోకూడదు. అయ్యగారూ, మీ పెట్టె నేను ముట్టను. మీరే తెరవండి."

యతిరాజులు పెట్టెను ఒళ్ళోకి తీసుకున్నాడు. తరువాత తెరిచాడు. నామం దిద్దే తెల్లమట్టి, తిరుమణి ముద్దల కింద, అదే తెలుపులో, దోసెడు మాత్రలు.

"ఐసీయూలో మూతికి మాస్కు పెట్టి నాలుగు దినాలు పండబెట్టినారు," అన్నాడాయన. "సస్తానని కాదు, ఇంక చదవలేనని భయపడినాను. ఆ ముందు వరుసలో కూర్చున్నంతసేపే నేను బతికుండేది." కోడలి వైపు తిరిగాడు. "నిన్ను అన్ని మాటలంటా ఉంటే విని ఊరకుండినాను తల్లీ. అది నేను చేసిన పాపం."

వేదవల్లి లేచి వెళ్ళి నారాయణి పక్కన కూర్చొని చెయ్యి పట్టుకుంది. "తప్పయింది," అంది. హృషీకేశ్ తలెత్తలేదు.

భారతమ్మ డాక్టరుకు ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా పెట్టి, సంగతంతా చెప్పింది.

"దానికేముంది, గోష్ఠి నుంచి వచ్చినాక వేసుకోమనండి," అన్నాడు డాక్టరు. "ఈరోజుది ఇప్పుడే వేసి, సాయంత్రం ఒకసారి తీసుకురండి. ఈ మాట ముందే అడగొచ్చు కదా?"

"వాళ్ళూ అడగలేదు డాక్టర్. పొద్దున పూట ఏం చేస్తారని మీరూ ఆయన్ని అడగలేదు," అంది భారతమ్మ.

నారాయణి కొత్త మాత్ర, గుక్కెడు నీళ్ళు తెచ్చింది. యతిరాజులు మింగాడు. మింగి, నమ్మించడానికి చిన్నపిల్లాడిలా నోరు తెరవబోయాడు.

"వద్దు మామగారూ," అంది నారాయణి గ్లాసు అందుకుంటూ. "నేను సూడను. మీరు వేసుకున్నానంటే సాలు."