పుష్యమాసంలో కత్తెర

పొద్దున ఆరున్నరకు పాల ప్యాకెట్ల కోసం వాకిలి తలుపు తీసిన చెన్నరాయప్ప, వాటిని చేత్తో పట్టుకునే తూర్పు గోడ వారకు నడిచాడు. రోజూ అంతే. పాలు పొయ్యి మీదికి వెళ్లేలోపు ఆ మూడు మొక్కల్నీ ఒకసారి చూసుకోవాలి. అరచేతులంత ఆకులు రాత్రి జల్లుకు తడిసి మెరుస్తున్నాయి. ఒక్కొక్క కొమ్మ కొసనూ వేలితో మెల్లగా విప్పి చూశాడు. లోపల మళ్లీ ఆకే. మొగ్గ జాడ లేదు.

జూన్ రెండో వారం. భార్య అలివేలు ఉండగా ఈపాటికి ఈ గోడంతా నీలంగా ఉండేది.

అవి హైడ్రేంజియా మొక్కలు. అంత పేరెందుకని అలివేలు గుత్తిపువ్వు అనేది. పదిహేనేళ్ల కిందట లాల్‌బాగ్ దగ్గర నర్సరీలో కొన్న ఒక్క మొక్కను మూడు చేసింది. పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోటని హనుమంతనగర్‌లోని ఈ ఇంట్లో ఈ గోడ వారే ఎంచుకుంది. మొదట్లో కొబ్బరిపీచు పొడీ ఎండుటాకులూ పరిచింది. ఎండలు ముదిరేసరికి పసిబిడ్డ తలంత గుత్తులు. వరమహాలక్ష్మి పండగనాడు కలశం పక్కన మూడు నీలి గుత్తులు లేకపోతే ఆమెకు పండగ జరిగినట్టే ఉండేది కాదు.

అలివేలు పోయింది పుష్యమాసంలో. ఆ ఎండాకాలం మొక్కలు విరగబూశాయి. టెలిఫోన్ ఆఫీసు నుంచి రిటైరయిన చెన్నరాయప్పకు అప్పుడు వేరే పనేముంది? రోజూ కుర్చీ వేసుకుని వాటి ముందు కూర్చునేవాడు. ఎవరో పలకరించి వెళ్లినట్టుండేది. ఆ మరుసటి ఏడు నుంచి ఒక్క పువ్వు పూయలేదు. ఇది మూడో ఏడు.

ఆ మధ్యలో ఇంట్లోకి కొత్తగా వచ్చిన వస్తువు ఒక్కటే. కోడలు రంజిత కొన్న బట్టలుతికే మెషిన్. దాని పైపు ఈ గోడ వారకే వచ్చేది, నురగనీళ్లు మొక్కల మొదట్లోకి జారేవి. ఎవరినీ గట్టిగా ఒక మాట అనని చెన్నరాయప్ప నిరుడు ఆ పైపు నోట్లో గుడ్డ కుక్కేశాడు. "ఆ సబ్బునీళ్లు చెట్లకు పడలేదమ్మా," అన్నాడు. రంజిత తల ఊపింది. ఆనాటి నుంచి మెషిన్ మీద పాత దుప్పటి, దాని మీద ఉల్లిపాయల సంచి. రంజిత ఆఫీసుకు వెళ్లేముందు మిద్దె మీద బండ మీద నలుగురికీ బట్టలుతుకుతోంది. నలుగురంటే ఈ ముగ్గురూ, ఈ మధ్యే కూతురింటి నుంచి తిరిగొచ్చిన పక్కింటి పాపక్కా. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్లు, చీరలు పిండలేదు.

ఆదివారం కావడంతో అందరూ ఇంట్లోనే ఉన్నారు. రంజిత పాల ప్యాకెట్లు అందుకుంటుంటే చెన్నరాయప్ప అక్కడే నిలబడిపోయాడు.

"ఏమి మామా?"

"ఏమీ లేదమ్మా. పైపు మూసి ఏడాది దాటిపోయె. అయినా ఒక్క మొగ్గ లేదు."

"అవును మామా. నేనూ చూస్తానే ఉండా."

ఆయన ఒక క్షణం తటపటాయించాడు. అనకుండా ఉంటే బాగుండేదని ఆ తర్వాత రోజంతా అనుకున్నాడు.

"నేను లేనప్పుడు ఎప్పుడైనా... ఆ గుడ్డ తీసి మెషిన్ వేసినావామ్మా? నిజం చెప్పు, నేనేమీ అనుకోను."

రంజిత చేతిలో పాలగిన్నె ఆగింది. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. ఆయన ముఖంలోకి చూసింది, మళ్లీ గిన్నెలోకి చూసింది.

"లేదు మామా," అంది అంతే.

పేపరు చదువుతున్న కొడుకు పునీత్ లేచి వచ్చాడు. "ఏంది నాయనా అది? ఏడాదిగా చేతులు పగిలేట్టు ఉతుకుతాంటే, ఇంకా అనుమానమా? చెట్టు పూయకపోతే ఆయమ్మ ఏం చేస్తాది?"

"నేను అడిగింది అంతే కదరా..."

"అమ్మ పువ్వులు పోయినాయని నీకు బాధ. నాకు లేదా? దానికి ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాల్నా?"

"ఊరుకో పునీ," అంది రంజిత. పాలు పొయ్యి మీద పెట్టి, వెనక్కి తిరగకుండానే మళ్లీ అంది: "సర్జాపుర దగ్గర ఆ అద్దె ఇల్లు చూద్దామంటివి కదా. పద, ఇయాళే చూసొద్దాం."

ఆర్నెల్లుగా ఆ మాట ఎత్తుతున్నది పునీతే. ఇద్దరి ఆఫీసులూ అటే. "మామ ఒక్కడే అయిపోతాడు" అని ప్రతిసారీ కొట్టేసింది రంజిత. ఇప్పుడు అడుగుతున్నది ఆమే.

వెళ్లేముందు ఆమె చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగింది. "ఉప్పిట్టు మూత పెట్టి ఉండాది మామా. చల్లారినాక తినద్దు, వేడి చేసుకో." అంత కోపంలోనూ ఆ మాట మరిచిపోలేదు. ఆ ఒక్క మాట పట్టుకునే ఆయన మధ్యాహ్నం దాకా గడిపాడు.

రెండు గంటలకు మబ్బు కమ్మింది. మిద్దె మీద బట్టలున్నాయి. మోకాళ్ల నొప్పులతో ఆయన మిద్దెక్కి ఎనిమిది నెలలైంది. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. తీగ మీద ఆయన పంచెలే ముందు, వరసగా, అంచులు లాగి ఆరేసి ఉన్నాయి. తీసి భుజాన వేసుకుంటూ బట్టల బండ వైపు చూశాడు. సబ్బు పెట్టె పక్కన సగం నొక్కేసిన ఆయింట్‌మెంట్ ట్యూబు. చేతులకు రాసుకునేది. దాన్ని చూసి తల దించుకున్నాడు.

పంచె ఒకటి గాలికి ఎగిరి నీళ్ల ట్యాంకు వెనక పడింది. తీద్దామని వంగిన చెన్నరాయప్ప అలాగే ఉండిపోయాడు.

ట్యాంకు నీడన పాత పెయింటు బకెట్. అందులో జానెడు మొక్క. ఆ జానెడు మొక్క నెత్తి మీద, మొక్క కంటే పెద్దదిగా, మోయలేక పక్కకు ఒరిగి, ఒక గుత్తి. ఒరిగిపోకుండా దానికో చీపురుపుల్ల ఊతం పెట్టి, చీర అంచు పీలికతో కట్టి ఉంది. మట్టీ నీళ్లూ మారితే రంగు మారే పువ్వు; బోరునీళ్లు తాగిందేమో, నీలం కాదు, లేత రోజా రంగు.

"చూసేసినావా?"

పక్క మిద్దె మీద ఎండుమిరపకాయలు చాపతో సహా లాగుతున్న పాపక్క పిట్టగోడ దగ్గరకు వచ్చింది.

"ఎవరు పెట్టినారు పాపక్కా ఇది?"

"ఇంకెవరు? నీ కోడలే. అలివేలు తద్దినానికి ముందునాడు నువ్వు కొమ్మల కొసలన్నీ కత్తిరించి గేటు కాడ కుప్ప పోసినావే, దాంట్లోంచి మూడు ఏరుకొచ్చి గుచ్చింది. రెండు చచ్చిపోయినాయి. ఇది బతికింది."

చెన్నరాయప్పకు గుర్తుంది. ఏటా అది ఆయన చేసే పనే. తద్దినానికి చుట్టాలొస్తారు, అలివేలు మొక్కలు చిందరవందరగా ఉండకూడదని, ఒకప్పుడు బళేపేటలో తాను కొనిచ్చిన ఎర్రపిడి కత్తెరతో, ఆమెకు తల దువ్వినంత శ్రద్ధగా మూడింటినీ ఒకే ఎత్తుకు కత్తిరిస్తాడు.

"ఆ కుప్పలో కొమ్మకు పువ్వెట్ల వచ్చింది?" అన్నాడు.

పాపక్క చాప కింద పెట్టింది. "దాని పువ్వు ఆ కొసలోనే ఉంటాదప్పా. చలికాలంలోనే లోపల కూర్చుంటాది, ఎండలకు బయటికొస్తాది. అలివేలు పండగ అయిన వారానికే కత్తిరించేస్తాండె. శ్రావణం దాటితే కత్తెర దాచిపెడతాండె. ఒకసారి కార్తీకంలో నేను ఒక కొమ్మ తుంచితే చేతి మీద ఒకటి వేసింది."

గాలికి మిరపకాయలు దొర్లుతున్నాయి. చెన్నరాయప్ప పిట్టగోడ పట్టుకున్నాడు. మూడు పుష్యమాసాలు. మూడుసార్లూ తన చేత్తోనే.

"నాకెందుకు చెప్పలేదు పాపక్కా?"

"మూడేండ్లు చింతామణిలో కూతురింట్లో ఉంటిని కదా, నాకేం తెలుసు? ఈ పుష్యంలో వచ్చి కుప్ప చూసినాను. మీ ఇంటి నిండా చుట్టాలు. రంజితకు చెప్తిని." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ పిల్ల నా చేతులు పట్టుకునింది. 'మామకు చెప్పద్దు అవ్వా. అత్త మీద ప్రేమతో చేస్తాండాడు. తనే పువ్వులు పోగొట్టినాడని తెలిస్తే తట్టుకోలేడు' అనింది. వచ్చే పుష్యానికి కత్తెర దాచేస్తానంది. ఇది పెద్దదైతే పండగకు కలశం పక్కన పెడతానంది. చచ్చిపోతే మళ్లీ తన మీదే అనుమానపడతావని ఇక్కడ దాచిపెట్టింది."

చినుకులు మొదలయ్యాయి. పాపక్క మిరపకాయలతో లోపలికి పరిగెత్తింది. చెన్నరాయప్ప కదల్లేదు. పొద్దున పాలగిన్నె పట్టుకుని రంజిత ఏదో చెప్పబోయి ఆగడం కళ్లముందు కదిలింది. ఆ ఒక్క మాట అని ఉంటే తప్పు ఎవరిదో తేలిపోయేది. అనలేదు. ఆయన భుజాన బట్టలన్నీ తడిసిపోయాయి.

సాయంత్రం ఐదున్నరకు పునీత్, రంజిత వచ్చేసరికి ఇంట్లో లైటు లేదు. వరండాలో చెన్నరాయప్ప మెషిన్ ముందు నిలబడి ఉన్నాడు. ఉల్లిపాయల సంచి నేల మీద, దుప్పటి కుర్చీలో. మెషిన్ మూత తెరిచి, తడిసిన బట్టలన్నీ అందులో వేసి, బొత్తాల వైపు కళ్లద్దాలు సర్దుకుంటూ చూస్తున్నాడు. కిటికీ గట్టు మీద పెయింటు బకెట్.

రంజిత ముందు బకెట్ చూసింది. తర్వాత ఆయన్ని చూసింది.

"మామా... మిద్దెక్కినావా? మోకాళ్లు?"

"ఏది నొక్కాలమ్మా దీనికి?"

"పైపుకు గుడ్డ ఉండాది మామా..."

"తీసేసినాను."

"నీళ్లు చెట్ల మీదికి పోతాయి."

"పోనీ."

"వద్దు మామా, సబ్బునీళ్లు మంచిది కాదు. దానికి మంచి నీళ్లే కావాల." చెప్పులైనా విప్పకుండా ముందుకొచ్చి ఆయన చెయ్యి బొత్తాం మీద నుంచి తీసింది. ఆ చెయ్యిని ఆయన వదల్లేదు. తిప్పి చూశాడు. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పొరలు లేచి ఉంది.

"పది అడుగుల పైపు వేసుంటే నీళ్లు అటు మోరీలోకి పోయేవి," అన్నాడు. "బళేపేటకు పోతే ఒక పూట పని. ముప్పై ఏండ్లు ఊరి నిండా తీగలు లాగించినోణ్ణి, నాకు ఈ పైపు తోచలేదు. ఎందుకు తోచలేదో తెలుసునా? పువ్వులు పోయినందుకు తప్పు వేసేదానికి నాకు ఎవరో ఒకరు కావాల్సి వచ్చింది."

"పాపవ్వ చెప్పేసిందా?" అంది రంజిత. "చెప్పద్దంటిని."

"పొద్దున నువ్వే చెప్పొచ్చు కదమ్మా. అంత మాట అన్నాను కదా నిన్ను."

"ఎట్ల చెప్పేది మామా? తద్దినం ముందునాడు ఆ మొక్కలు కత్తిరిస్తా నువ్వు అత్తతో మాట్లాడతావు. నేను వింటాను, వంటింటి కిటికీలోంచి. ఏడాదికి ఆ ఒక్క దినమే నువ్వు మనసారా మాట్లాడేది. అది తప్పని ఎట్ల చెప్పేది?"

చెన్నరాయప్ప ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. "అయ్యో మామా, పెద్దోడివి, అట్ల చేయద్దు," అంటూ రంజిత ఏడ్చేసింది. గుమ్మంలో నిలబడ్డ పునీత్ లైటు వేయబోయి, వాళ్లిద్దరూ ముఖాలు తుడుచుకునేదాకా ఆగాడు.

కాసేపటికి చెన్నరాయప్పే అడిగాడు, ఎటో చూస్తూ. "ఇల్లు ఎట్లుండాది?"

"బాగానే ఉండాది నాయనా," అన్నాడు పునీత్. "పెద్ద హాలు, లిఫ్టు. ఈయమ్మకే నచ్చలేదు. బాల్కనీలో నిలబడి పడమర ఎండ పడతాది, పడమర ఎండ పడతాది అని ఒకటే పాట. బట్టలు ఆరేదానికి ఎండ మంచిదే కదే అంటే వినదు. ఇప్పుడు తెలుస్తాండాది ఏ బకెట్ కోసమో."

"గుత్తిపువ్వుకు పొద్దుటి ఎండే కావాల," అంది రంజిత ముక్కు తుడుచుకుంటూ. "అట్లాంటి ఇల్లు ఊర్లో నాకు తెలిసి ఇదొకటే."

చెన్నరాయప్ప లోపలికి వెళ్లి అలివేలు కుట్టు డబ్బాలోంచి ఎర్రపిడి కత్తెర తెచ్చాడు. తడిగుడ్డతో ఒకసారి తుడిచి, రంజిత చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరే పెట్టుకోమ్మా. శ్రావణంలో పండగ అయినాక ఇద్దరం కత్తిరిద్దాం. ఆ తర్వాత దాచేసెయ్."

"సరే మామా."

"పుష్యంలో అడుగుతానేమో." ఆయన కిటికీ గట్టు మీది రోజారంగు గుత్తిని చూశాడు. "ఎంత అడిగినా ఇవ్వద్దు. కుర్చీ వెయ్యి చాలు. చెట్ల కాడ కూర్చుని మాట్లాడుకుంటాను."