గుర్రానికి ఆమె పేరు

తెల్లవారింది. బండ్ల కొట్టం మీది గదిలో హెస్టర్ పొయ్యి దగ్గర పంది మాంసం వేయిస్తోంది. కింద గుర్రపుశాలలోంచి భర్త అబ్నర్ గొంతు వినిపించింది.

"జరుగమ్మా ఫీబీ... నా బంగారానివి కదూ, కాస్త జరుగు."

హెస్టర్ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. దొరగారి జోడుగుర్రాల బండి తోలే అబ్నర్‌కు ఆమె రెండో పెళ్ళాం. పోయిన మొదటి ఆవిడ పేరు ఫీబీ. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి హెస్టర్‌ను అతను అంత మెత్తగా పిలిచిన పాపాన పోలేదు. మట్టితో చేసినా సవతి సవతే అంటారు. ఈ సవతి నాలుగు కాళ్ళ మీద నిలబడి దాణా తింటోంది.

బట్టలుతికే మిసెస్ గెడ్జ్ నిన్ననే పుండు మీద కారం చల్లింది. "మీ ఆయన పొద్దున్నే పెద్ద పెళ్ళాన్ని పలకరించందే నీ మొహం చూడడటగా!"

హెస్టర్ పెనం దించి, మెట్లు దిగింది.

"ఏమయ్యా, చచ్చినావిడ పేరు గుర్రానికి పెట్టుకుని ముద్దు చేస్తున్నావా? మరి నన్నెందుకు కట్టుకున్నావు, కూడొండి పెట్టడానికా?"

"నేను పెట్టలేదే! దాని గాటి పైనున్న పలక చూడు, ఫీబీ అని రాసుంది. ముసలి దొరగారి కాలం నుంచి ఈ గాటికి అదే పేరు. ఏ ఆడగుర్రం వచ్చినా ఫీబీయే."

హెస్టర్‌కు చదువు రాదు. ఆ గీతలు రోజూ చూస్తూనే ఉంది, ఏదో అలంకారమనుకుంది. అయినా కడుపుమంట చల్లారలేదు.

"ఓహో! ఒకటి పోతే అదే గాట్లో ఇంకోటి. నేనూ అంతేగా? ఆవిడ మంచం, ఆవిడ పెనం. పేరొక్కటే ఎందుకు మిగిల్చావు? నన్నూ ఫీబీ అనెయ్యి!"

అబ్నర్ ముఖం పాలిపోయింది. గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు.

"అదే నా భయం, హెస్టర్. ఏళ్ళ తరబడి నోటికి అలవాటైన పేరు. నిన్ను పిలవబోతే నాలిక మీదికి అదే వస్తుంది. అందుకే నిన్ను 'ఇదిగో', 'ఏమే' అంటూ నెట్టుకొస్తున్నా. పొద్దున్నే ఇక్కడ ఆ పేరు తనివితీరా అనేసుకుని అప్పుడు మెట్లెక్కుతా. పైన నోరు జారితే నీ మనసు విరిగిపోతుందని."

హెస్టర్ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఇప్పుడు నా పేరుతోనే పిలిచావు."

"నువ్వు అరిచిన అరుపుకి తిన్నగా వచ్చేసిందే!"

"అయితే రోజూ అరుస్తాలే," అంది, ఏడుస్తూనే నవ్వి. నడుముకు కట్టుకున్న ఏప్రన్‌కు చేతులు తుడుచుకుని, గుర్రం డొక్క మీద మెల్లగా తట్టింది.

"జరుగు ఫీబీ. నాకూ కాస్త చోటియ్యి."